ఇద్దరి మొక్కు

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి ఫోన్లో ఏదో చూసుకుంటూ, "అమ్మా, ఇవాళ్టి నుంచి నేను రోజుకి ఒక్కపూటే తింటాను, మా ఆఫీసులో అందరూ అలాగే తగ్గుతున్నారు" అంది. ఇడ్లీ రేకులు చేతిలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఒకటి అంటించేదాన్ని. "నోర్మూసుకుని తిను!" అని ఒక్క కసురు కసిరాను. భయమేస్తే నేను కసురుతానని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కపూట అన్న మాటకి నాకెందుకంత భయమో మాత్రం దానికెప్పుడూ చెప్పలేదు.

అమీర్‌పేటలో గోడ కనపడకుండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడిన రోజులవి. తెనాలి నుంచి నేనూ, జనగామ వైపు నుంచి ఇంకో అమ్మాయీ లేడీస్ హాస్టల్లో ఒకే గదిలో పడ్డాం. తను నన్ను అక్కా అనేది, నేను చెల్లీ అనేదాన్ని. గదికి ఉన్నది ఒకటే కిటికీ, దాని కిందే జెరాక్స్ షాపు జనరేటర్. తీస్తే పొగ, మూస్తే ఉక్క. మూసే ఉంచేవాళ్లం. ఆ హాస్టల్లో చదువుకంటే మొక్కులు ఎక్కువ నడిచేవి. ఒకతె ఉద్యోగం వచ్చేదాకా చెప్పులేసుకోనంది, ఇంకొకతె తీపి ముట్టనంది. మేమేం తక్కువ తిన్నామా? పంజాగుట్ట గుడికెళ్లి, ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా ఒక్కపూటే తింటామని మొక్కుకున్నాం. రూపాయి బిళ్లలు పసుపు గుడ్డల్లో కట్టి, ఆ ముడుపులు మంచాలకి వేలాడదీశాం. మా హాస్టల్ సాంబారు రుచికి అదేమంత పెద్ద త్యాగం కాదులెండి. పైగా "ఎంత సన్నబడ్డావే!" అని తోటివాళ్లు కుళ్లుకుంటుంటే లోపల్లోపల మహా సంబరంగా ఉండేది.

కొన్నాళ్లకి చెల్లికి దగ్గు పట్టుకుంది. అమీర్‌పేట దుమ్ములో దగ్గనివాళ్లెవరని పట్టించుకోలేదు. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. ఒకరోజు పొద్దున వాష్‌బేసిన్‌లో ఎర్రగా పడింది. ఎర్రగడ్డ అంటే హైదరాబాద్‌లో ఎవరైనా నవ్వుతారు, పిచ్చాసుపత్రి గుర్తొచ్చి. అక్కడే ఉన్న ఊపిరితిత్తుల ఆసుపత్రికి ఆటోలో వెళ్తుంటే మాకు మాత్రం నవ్వు రాలేదు. టీబీ అన్నారు. ఒకే గదిలో ఉన్నానని నన్నూ పరీక్ష చేశారు. డాక్టరమ్మ నా ఎక్స్‌రే పక్కన పెట్టి, పుల్లలా ఉన్న నా చెయ్యి పట్టుకుని చూసింది.

"నీకిప్పటికేం లేదమ్మా. కానీ ఈ క్రిమి చాలామంది ఒంట్లో నిద్రపోతూ ఉంటుంది. ఒంట్లో సత్తువున్నంతకాలం చాలావరకు లేవదు. నువ్విలా కడుపు మాడ్చుకుంటే లేచి కూర్చుంటుంది. పప్పో, గుడ్డో, పాలో, రెండుపూటలా కడుపునిండా తిను. గది కిటికీ తెరిచిపెట్టు" అంది.

నిద్రపోతూ ఉంటుందన్న ఆ ఒక్క మాట నా ప్రాణాలు తోడేసింది. కొంచెం గొంతు గరగరలాడితే చాలు, లేచిందేమోనని గుండె జారిపోయేది. పోనీ తిందామా అంటే మొక్కు తప్పుతుంది, ఉద్యోగం రాదు, నాన్న ముందు తలెత్తుకోలేను. అన్నం కంచం ముందు కూర్చుని ఏడుస్తూ, అలాగే లేచిపోయేదాన్ని.

చెల్లి వాళ్లమ్మ ఊరినుంచి వచ్చి మధురానగర్‌లో ఒక గది తీసుకుని కూతుర్ని అక్కడికి మార్చింది. ఆవిణ్ణి నేను పెద్దమ్మా అనేదాన్ని. రోజూ వెళ్లి గుమ్మం దగ్గరే కూర్చునేదాన్ని. ఆవిడ గుడ్లు ఉడకబెట్టి, పప్పు వండి, జొన్నరొట్టెలు కాల్చి ముందు పెడితే, మందులు మింగుతున్న చెల్లి కూడా మొక్కు అంటూ రాత్రి పూట కంచం తోసేసేది. పెద్దమ్మకి చిర్రెత్తుకొచ్చింది.

"ఏందే మీ లొల్లి? ఆ మొక్కులేవో నాకియ్యున్రి, నేను మోస్త. మీరు మంచిగ తినున్రి!" అని, నాచేత ముడుపులు తెప్పించుకుని రెండూ తన కొంగున కట్టుకుంది. అమ్మయ్య అనుకున్నాను. దేవుడి బాకీ ఇంకొకరి కొంగుకి ఎక్కింది కదా, ఆ పూట మూడు గుడ్లు తిన్నాను.

వారాలు గడిచేకొద్దీ చెల్లి మొహంలో కళ వచ్చింది, నా జాకెట్లు బిగుతయ్యాయి. పెద్దమ్మ గాజులు మాత్రం మోచేతిదాకా జారుతున్నాయి. నువ్వు తినవేం అని అడిగితే, "పొద్దుగాలనే తిన్న బిడ్డా" అనేది. ఒక మధ్యాహ్నం క్లాసు లేక తొందరగా వెళ్లాను. పెద్దమ్మ స్టవ్వు ముందు కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. గిన్నెలో ఇద్దరికి సరిపడా అన్నమే ఉంది. చెల్లికీ నాకూ. ఆవిడ పక్కన చాయ్ గ్లాసు, సగం బన్ను.

గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. "రెండు మొక్కులు గదా బిడ్డా, ఒక్కో మొక్కుకు ఒక్కో పూట ఇడ్సిపెట్టిన. చాయ్ తాగుతున్న, ఫికర్ చెయ్యకు."

కూతురి పక్కనే పడుకుంటుంది, ఒంట్లో చూస్తే రక్తం చుక్క లేదు, ఇప్పుడు దగ్గు. డాక్టరమ్మ మాట చెవిలో మోగింది. ఆవిడ కొంగు లాక్కుని ముళ్లు పంటితో విప్పాను. బిళ్లలు మంచం కిందికి దొర్లిపోయాయి.

"పాపం తగుల్తది బిడ్డా, నీ నౌకరి పోతది!"

"తగిలితే నాకే తగలనీ పెద్దమ్మా. నౌకరీ లేకపోతే చావను. నువ్వు తిను."

పప్పన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టాను. ఆవిడ నమలకుండా భయంగా నన్నే చూసింది. నాకూ భయంగానే ఉంది, దేవుడంటే భయం, దగ్గంటే అంతకంటే భయం. రెండో ముద్దకి నోరు తెరిచింది.

మర్నాడే ఎర్రగడ్డకి తీసుకెళ్లాను. పరీక్షలు చేసి ఏమీ లేదన్నారు, మామూలు దగ్గే, ముందు తిండి పెట్టండన్నారు. చెల్లి మందుల కోర్సు పూర్తిచేసి బాగుపడింది. ఉద్యోగాలు కూడా, ఏ మొక్కూ లేకుండానే, ఆలస్యంగా వచ్చాయి. పాతికేళ్లు ఇట్టే గడిచిపోయాయి. ఆసుపత్రి బెంచీ మీద, పెద్దమ్మ దగ్గినప్పుడల్లా ఉలిక్కిపడుతూ, ఎవరో వచ్చి పేరు పిలిచేదాకా కూర్చున్న ఆ ఒక్క పూట మాత్రం నాకింకా గడవలేదు.