మట్టిలో ఉప్పు చూసిన పూట

నా చిన్నప్పుడు, డెబ్భై ఏడు కార్తీకంలో ఉప్పెన వచ్చి వెళ్లాక, మా అమ్మ మాట్లాడటం మానేసింది. మాఘం వచ్చినా నోరు విప్పలేదు. వంట చేసేది, నాకు జడ వేసేది, పిలిస్తే తల తిప్పి చూసేది. అంతే. పాలకాయతిప్పకు దగ్గరలో మా ఊరు. ఆ రాత్రి నీళ్లు మా నాన్న చేతుల్లోంచి తమ్ముణ్ని లాక్కుపోయాయి. వాడికి నాలుగో ఏడు. అయిదో ఏడని మా బంధువుల్లో కొందరంటారు, అది తప్పు.

ఉప్పెనకు ముందు మా పెరట్లో పెద్ద గుమ్మడికాయలు కాసేవి. ఒక్కో కాయను గోనెలో వేసి, కర్రకు కట్టి ఇద్దరు మగవాళ్లు మోసేవారు. తమ్ముడు వాటి మీదెక్కి కూర్చుని బందరు బస్సు తోలేవాడు. కండక్టర్ని నేను. నీళ్లు తీశాక పాదులూ లేవు, దాచిన విత్తనాలూ లేవు. అయితే ఆ విత్తనమే మా నాయనమ్మ ఎప్పుడో ఘంటసాలలోని తన పుట్టింటికి ఇచ్చి ఉంచింది. మాఘంలో వెళ్లి కాసిని గింజలు కొంగున ముడివేసుకుని, ఒక సంచిలో ఆ ఊరి మట్టి, ఇంకో సంచిలో చివికిన పేడ ఎరువు మోసుకొచ్చింది. బస్సులో అందరూ నవ్వారట. ఉప్పెనలో మా పశువులు కూడా పోయాయి, ఇంట్లో ఎరువెక్కడిది మరి.

మా నేలంతా ఉప్పు పట్టిపోయింది. ఎండెక్కితే పెరడు తెల్లగా మెరిసేది. అందుకని గింజల్ని ముందు కొబ్బరి చిప్పల్లో మొలకెత్తించి, తర్వాత గోతిలో మంచి మట్టి నింపి నాటాలని నాయనమ్మ ఆలోచన. వట్టి రేగడిలో పెడితే గుమ్మడి గింజ కుళ్లిపోతుంది. వట్టి ఇసుకలో పెడితే తడి నిలవదు. రెండూ కలవాలి. అరుగు మీద మూడు చేటల్లో కృష్ణా నది లంకలోంచి తెచ్చిన ఇసుక, ఘంటసాల రేగడి మట్టి, మా పెరటి మట్టి పోసి, అమ్మను పిలిచింది.

"అమ్మాయ్, ఇట్రా. నా నాలిక చచ్చిపోయింది. ఉప్పేదో చప్పిడేదో తెలీట్లేదు. దేంట్లో ఉప్పుందో చూసి చెప్పు."

నేను ఊరుకోలేదు. "అదేంటి నాయనమ్మా, పొద్దున పప్పులో ఉప్పు తక్కువైందని నువ్వేగా..."

మాట పూర్తికాక ముందే తొడపాశం పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అమ్మ వచ్చి కూర్చుంది. ఇసుక చిటికెడు నాలుక మీద వేసుకుని ఊసేసి, తల అడ్డంగా ఊపింది. ఘంటసాల మట్టికీ అంతే. మూడో చేటలోని మా పెరటి మట్టిని మాత్రం ఊయలేదు. నోట్లోనే పెట్టుకుని చాలాసేపు ఉండిపోయింది. మళ్లీ ఇంకో చిటికెడు తీసుకుంది.

"మన మట్టి కలపకండి అత్తయ్యా," అంది. గొంతు బొంగురుపోయి ఎవరిదోలా ఉంది. "మొలక చచ్చిపోతుంది."

ఆ తర్వాత ఏడ్చింది. తమ్ముడు పోయాక అమ్మ పైకి ఏడవడం అదే మొదలు. నాయనమ్మ ఊరుకోమనలేదు, దగ్గరకు తీసుకోలేదు. మట్టి కలుపుతూనే, "రెండు చిప్పల మట్టికి ఒక చిప్ప ఇసుక వేస్తున్నా. ఎరువు కూడా ఒక చిప్ప వెయ్యనా?" అని అడిగింది. అమ్మ వెక్కుతూనే, "అంతొద్దు, సగం చాలు," అంది.

అన్నీ మొలవలేదు. మొలిచిన వాటిలో ఒక్క తీగ నిలిచి, ఒక పెద్ద కాయ కాసింది. దాని మీద ఎవరూ ఎక్కలేదు. నాన్న కత్తి తెచ్చాక, అమ్మ కాసేపు దాని మీద చెయ్యి వేసి ఉంచి, అప్పుడు పక్కకు జరిగింది.

కొన్నేళ్ల తర్వాత నాయనమ్మను అడిగాను, ఆ రోజు నీ నాలుక బాగానే ఉంది కదా అని. "ఏడవొద్దని చెప్పడానికి ఊరంతా ఉన్నారే. దాన్ని ఏదన్నా అడిగేవాళ్లే లేరు," అంది.

ఇప్పుడు బందరులో మా మేడ మీద నేనూ కుండీల్లో గుమ్మడి పెడతాను. మట్టి రెండు పాళ్లు, ఇసుక ఒకటి, ఎరువు అర. అమ్మ చెప్పిన కొలత మార్చలేదు. పోయినేడు కింది వాటాలో ఉండే ఆవిడ భర్త పోయారు. పరామర్శకు వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయాక, కలిపిన మట్టి పళ్లెంలో తీసుకుని దిగి వెళ్లాను. "వయసు మీద పడిందమ్మా, నాకు రుచి తెలీట్లేదు. ఇందులో ఉప్పుందేమో కాస్త చూసిపెడతారా?" అన్నాను.

ఆవిడ నా మొహం వంక చూసి, చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకుంది. ఊసేయకుండా ఇంకో చిటికెడు తీసుకుంది. నేను తొందరపెట్టలేదు.