వంక దగ్గర ఏడు రోజులు

డెబ్బైల చివర్లో నేను చిత్తూరులో రోడ్ల ఓవర్సీరుగా ఉండేవాణ్ని. ఉద్యోగం పర్మినెంటు కాలేదు. ఆరు నెలలకోసారి పైవాళ్లు దయతలచి పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే ఊడినట్టు. ఆ పొడిగింపు కాగితం మా ఇంజనీరుగారి సొరుగులో ఉండేది. ఆయన సొరుగు తెరిచినప్పుడల్లా నా చూపు అటే పోయేది.

ఆ ఏడాది జిల్లాలో పల్లె దారులకు కేటాయించిన డబ్బు ఒక్క కాజ్‌వేకే మిగిలింది. కాజ్‌వే అంటే వంతెనంత గొప్పదేమీ కాదు. వంకకు, అంటే వాగుకు, అడ్డంగా కాంక్రీటు దారి పోసి, కింద నాలుగు తూములు పెడతారు. మామూలు వానకు నీళ్లు తూముల్లోంచి పోతాయి, బస్సు పైనుంచి పోతుంది. అడిగిన ఊళ్లు చాలా ఉన్నా, వడపోసి వడపోసి చివరికి రెండు వంకలు మిగిల్చారు. ఒకటి చంద్రగిరి వైపు. రెండోది వడమాలపేట నుంచి లోపలికి పోయే మట్టిదారి మీద. ఆ మట్టిదారి ఒకే ఒక్క ఊరి దాకా పోయి ఆగిపోతుంది. అది మా అక్కను ఇచ్చిన ఊరు.

ఈ చివరి మాట నేను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే, బంధుప్రీతితో ఫైలు కదిలిస్తున్నాడంటారని భయం.

అక్కకు ఒక్కతే కూతురు. ఎనిమిదో తరగతి పాసయింది. హైస్కూలు వంకకు ఇవతల, తారురోడ్డు పక్కన ఉండేది. ఎండాకాలం ఇసుకలో నడిచి వచ్చేసేది. వానాకాలం వంక పారితే వారాల తరబడి ఇంట్లోనే. కిందటేడు నీళ్లలో దిగి, పుస్తకాల సంచీ కొట్టుకుపోయి, తాను మాత్రం ఎవరో జుట్టు పట్టి లాగితే బయటపడింది. అప్పటినుంచి మా బావ ఒకటే మాట.

"ఈ తూరి దారి పడి, బస్సొస్తే సరి. లేదంటే దాని సదువు ఇంతటితో సాలు."

కాజ్‌వే పడిన మరునాడే బస్సు పంపుతామని డిపోవాళ్లు ఊరివాళ్లకు మాట ఇచ్చారు. ఉగాదికి నేను అక్క ఇంటికి వెళ్లినప్పుడు ఆ పిల్ల నా వెనకాలే తిరిగి అడిగింది, "మామా, బస్సొస్తాదా?" అని. "వస్తాదిలే" అన్నాను. మేనమామలకు ఇలాంటి మాటలు నోట్లోంచి తేలిగ్గా వచ్చేస్తాయి.

రెండు వంకల్లో దేనికివ్వాలో తేల్చడానికి బండ్ల లెక్క తీయాలన్నారు. ఏడు రోజులు వరసగా, పొద్దు పొడిచినప్పటినుంచి పొద్దుగూకే దాకా, వంక దాటిన ప్రతి మనిషికీ, ప్రతి బండికీ, ప్రతి సైకిలుకూ రూళ్ల కాగితం మీద ఒక గీత. నాలుగు నిలువు గీతలు పడ్డాక అయిదోది అడ్డంగా. ఏ వంకకు గీతలు ఎక్కువైతే దానికి కాజ్‌వే. వానాకాలంలో తీస్తే వంక దాటేవాడే ఉండడు కాబట్టి ఎండాకాలంలోనే తీయాలన్నారు. వడమాలపేట వంక నాకు పడింది. తేదీలు కూడా నన్నే పెట్టుకోమన్నారు.

ఇక్కడ నా తెలివి చూడండి. తిరుపతిలో గంగమ్మ జాతర అయిన మరుసటి వారం అక్క ఊళ్లో జాతర. ఏటా అంతే. మా వైపు ఊళ్లలో జాతరకు చాటింపు వేశాక, అది ముగిసేదాకా వారం పైగా ఊరివాళ్లెవరూ పొలిమేర దాటరు. దాటితే అమ్మవారికి కోపం. బయటివాళ్లు వచ్చి ఒక రాత్రి నిద్ర చేస్తే వాళ్లూ అక్కడే చిక్కుకుపోవాల్సిందే. నేను పుట్టి పెరిగిన ఊళ్లోనూ ఇదే కట్టుబాటు. అందుకని ఆ రెండు వారాలూ వదిలేసి, ఆ పై వారం పెట్టాను. ఆఫీసు మొత్తంలో ఇంత ముందుచూపున్న మొనగాణ్ని నేనేనని లోపల మురిసిపోయాను కూడా.

వంకకు ఇవతల కానుగచెట్టు కింద బల్ల వేసుకున్నాం. నాకు తోడు తమిళనాడు సరిహద్దు నుంచి వచ్చిన ఒక గ్యాంగు మేస్త్రీ. అక్క ఇల్లు అక్కడికి మైలున్నర. వెళ్లకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అక్కడ గుక్కెడు మజ్జిగ తాగినా, రేపు నా లెక్కలో మజ్జిగ వాసన వేస్తోందనే నాలుకలు ఆఫీసులో చాలా ఉన్నాయి. నేను వస్తున్నట్టు ఉత్తరం ముక్క కూడా రాయలేదు.

మొదటి రోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒక్క బండి రాలేదు. సోడాలు అమ్మేవాడొకడు సైకిలు మీద వంక దాకా వచ్చి, అవతలికి చెవి పెట్టి విని, సైకిలు తిప్పుకొని వెళ్లిపోయాడు. వంక దాటలేదు కాబట్టి గీత గీయలేదు. సాయంత్రం ఎవరిదో పొరుగూరి మేకల మంద దాటింది. మేకలకు గీతలుండవు. కాపరికి ఒక గీత గీశాను.

రెండో రోజూ అంతే. దూరం నుంచి పలక మోత, అదే డప్పు మోత, వినిపిస్తోంది. మేస్త్రీ బీడీ ఆర్పి చెవి అటు పెట్టాడు.

"సార్, అది సావు పలకా, సామి పలకా?"

"సావుదేలే. ఎండకి ముసలోళ్లు పోతా ఉంటారు" అన్నాను, తల ఎత్తకుండానే.

చావు పలకకూ సామి పలకకూ తేడా మా ఊళ్లలో అయిదేళ్ల పిల్లలకు తెలుసు. నాకూ తెలుసు. నేను వినలేదు, అంతే.

జనం ఎందుకు రావడం లేదని నాకు అనుమానం రాలేదా? వచ్చింది. ఎండలు మండుతున్నాయనుకున్నాను. బెల్లం గానుగలు ఆగిపోయిన కాలమనుకున్నాను. బళ్లకు సెలవులనుకున్నాను. ఇన్ని అనుకున్నవాణ్ని లేచి మైలున్నర నడిస్తే సరిపోయేది. నడవలేదు. అసలు సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. లెక్క తక్కువ వస్తుంటే లోలోపల నాకు ఒక ధైర్యం కలిగింది. అక్క ఊరని గీతలు ఎక్కువ గీశాడని ఇక ఎవరూ అనలేరు కదా! ఏడో రోజు సాయంత్రం కాగితం కింద సంతకం పెట్టి, నా అంత నిక్కచ్చి మనిషి లేడనుకుంటూ బస్సెక్కాను.

తీర్మానం చేసే జిల్లా పరిషత్తు సమావేశానికి ముందురోజు మధ్యాహ్నం అక్క చిత్తూరులో మా ఇంటికి వచ్చింది. చేతిలో టిఫిన్ క్యారియరు, నిండా ఓళిగలు, అవే బొబ్బట్లు. కొంగుముడిలో కుంకం పొట్లం. కాళ్లైనా కడుక్కోకముందే మా ఆవిడ ఎదుటే నన్ను పట్టుకుంది.

"ఏమిరా, ఏడు దినాలు వంకకాడ కూర్చోని మా గడప తొక్కలేదే? ముందుగా చెప్పింటే జాతరకు ఇంట్లోనే ఉండేవాడివి గదా. పిలిచేదానికి మనిషిని పంపుదామంటే చాటింపు అయిపోయె. నువ్వే వస్తావని రోజూ దారి సూసినాను."

"జాతరా? అది ముందే అయిపోయింది కదక్కా?"

"యాడ అయిపోయింది? ఊరి పెద్దాయన పోయినాడు. మైలని జాతర వెనక్కి జరిపినారు. నువ్వొచ్చి కూర్చునే ముందు దినం సాయంత్రమే చాటింపు ఏసినారు. గొర్రెల మేతకని పిల్లోళ్లు దూరం పోయి నిన్ను సూసొచ్చినారు, పొలిమేర ఈవల్నుంచే."

నోట్లో పెట్టుకున్న ఓళిగ ముక్క అక్కడే ఉండిపోయింది. అక్క ఇదేమీ గమనించలేదు.

"పోనీలే. మా ఊరి కోసరం ఏడు దినాలు ఎండలో కాగినావు. ఊరంతా నీ మాటే. దారి మాకే వస్తాది గదరా? పాప అప్పుడే తొమ్మిదో తరగతి పుస్తకాలు తెచ్చుకోని అట్టలేసుకుంటా ఉండాది."

"రేపు తెలుస్తుందక్కా" అన్నాను.

ఆమె వెళ్లిన తర్వాత నాకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. లెక్క తప్పని చెబితే, తేదీలు పెట్టింది ఎవరంటారు. జాతర సంగతి నీకెలా తెలిసిందంటారు. అక్క చెప్పిందంటే, అక్కది ఆ ఊరని ఇన్నాళ్లూ దాచావేమంటారు. ఎటు తిరిగినా నా మెడకే చుట్టుకుంటోంది. అయినా చెప్పాలి, చెప్పి తీరాలని తెల్లారేసరికి నిశ్చయించుకున్నాను.

సమావేశం హాలు గుమ్మం దగ్గర ఇంజనీరుగారు కనిపించారు. చేతిలో కాగితాలు, మొహంలో తొందర.

"సార్, ఆ వడమాలపేట వంక లెక్క మళ్లీ తీయాలేమో సార్."

ఆయన ఆగి నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "ఎందుకు? సంతకం నీదే కదా? ఎవరైనా వచ్చి అడిగారా?" తర్వాత గొంతు తగ్గించి, "ఆ ఊళ్లో నీకెవరున్నారు?" అన్నారు.

"ఎవరూ లేరు సార్" అన్నాను.

రాత్రంతా కూడగట్టుకున్నదంతా ఆ రెండు మాటల్లో పోయింది. నిన్న మధ్యాహ్నం అక్క చేతి ఓళిగలు తిన్న నోటితోనే అన్నాను.

హాల్లో నా పని, గోడకు పటం తగిలించి పక్కన నిలబడటం. పాతిక ముప్ఫై మంది సభ్యులు. ఫ్యాన్లు తిరుగుతున్నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. రెండు వంకల లెక్కలూ చదివారు. చంద్రగిరి వైపు సభ్యుడు నవ్వుతూ లేచాడు.

"జనమే నడవని దారికి కాజ్‌వే ఎందుకప్పా? ఆడ మేకలు దాటేదానికా?"

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక, పుత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలి సభ్యుడు మెల్లిగా లేచాడు. తలకు తుండు, చేతిలో కర్ర. నవ్వనివాడు ఆయనొక్కడే.

"నేనా ఊరు ఎరుగుదును. ఏడు దినాలకి అంతేనా జనం? నమ్మబుద్ధి కాలేదు." నా వైపు తిరిగాడు. "ఏమప్పా, ఓవర్సీరూ, కూర్చునింది నువ్వే గదా. ఆ వారం ఆ ఊళ్లో ఏమన్నా విశేషం జరిగిందా? పెండ్లో, జాతరో?"

అంతకన్నా పెద్ద తలుపు ఎవరు తెరుస్తారు? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ రోజు ఆ పూజారిని నేనే. ఇంజనీరుగారు కాగితాల మీంచి నన్నే చూస్తున్నారు. పాప అట్టలేసుకుంటున్న పుస్తకాలు కళ్లకు కట్టాయి. సొరుగులోని నా పొడిగింపు కాగితమూ కట్టింది.

"నాకు తెలిసి ఏమీ లేదండీ" అన్నాను.

ముసలాయన ఇంకొంచెంసేపు నన్ను చూసి కూర్చున్నాడు. చేతులెత్తారు. కాజ్‌వే చంద్రగిరి వైపు వెళ్లింది. అక్కడి జనానికీ అది అవసరమే, కాదనకూడదు. కానీ ఆ రోజు వాళ్లకు దాన్ని ఇప్పించింది వాళ్ల అవసరం కాదు, నా పిరికితనం.

ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి. వంక పారింది. పాప బడి మానేసింది. అట్టలేసిన పుస్తకాలను ఎదురింటి పిల్లకు ఇచ్చేశారని అక్క మాటల్లో చెప్పింది. నన్నొక్క మాట అనలేదు. పైపెచ్చు, "నువ్వు మాత్రం ఏం చేస్తావురా, జాతర అడ్డమొచ్చె" అని నన్నే ఓదార్చింది. రెండేళ్లకు పిల్లకు పెళ్లి చేశారు. నా ఉద్యోగం పర్మినెంటయింది.

ఎనభైల నడుమ ఎప్పుడో ఆ వంకకూ కాజ్‌వే వచ్చింది. నేను అప్పటికి వేరే చోట పనిచేస్తున్నా, మొదటి బస్సు వచ్చే రోజు తప్పకుండా రావాలని అక్క పట్టుబట్టింది. బస్సు ముందు కొబ్బరికాయ నన్నే కొట్టమంది. చుట్టూ చేరిన ఆడవాళ్లందరికీ చూపించింది.

"మా తమ్ముడే. ఈ దారి కోసరం ఆ కాలంలోనే ఏడు దినాలు ఎండలో కూర్చున్నాడు."

కాయ ఒక్క దెబ్బకు పగిలింది.

జనం కదిలిపోయాక పాప నా దగ్గరికి వచ్చింది. పాప అనడం నా అలవాటు. చంకలో ఆమె బిడ్డ. ఇద్దరం కాజ్‌వే మధ్యలో నిలబడ్డాం.

"మామా, ఒక మాట. కోపం చేసుకోగూడదు" అంది. "ఆ వారం నేను వంక కాడికి వస్తానని ఏడ్చినాను. పదిసార్లు అటూ ఇటూ దాటితే పది గీతలు పడతాయి గదా అని. చాటింపు దాటితే కాళ్లిరగ్గొడతానని అమ్మ ఇంట్లో కూర్చోబెట్టింది. దొంగతనంగా అయినా వచ్చింటే దారి అప్పుడే పడిండేది. నా సదువు నేనే పోగొట్టుకుంటినే అని ఇప్పటికీ అనుకుంటా ఉంటాను."

ఇన్నేళ్లూ నేను చేసిన తప్పును ఆ పిల్ల మోస్తోందని అప్పుడు తెలిసింది. ఇక దాచలేకపోయాను. గుమ్మం దగ్గర ఇంజనీరుగారు అడిగినది, ముసలాయన అడిగినది, నేను చెప్పిన రెండు జవాబులు, అన్నీ చెప్పేశాను. చెబుతున్నంతసేపూ కింద తూముల వైపే చూశాను.

ఆమె బిడ్డను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అమ్మకు చెప్పొద్దు మామా" అంది. "అందరికీ చెప్పుకుంటా ఉంటాది, మా తమ్ముడు, మా తమ్ముడని."

అని నా ముందే నడిచి అవతలికి దాటిపోయింది. అవతలి గట్టు మీద నుంచి అక్క, ఓళిగలు చల్లారిపోతున్నాయని నన్ను కేకేస్తోంది. వెళ్లాను. ఆమె వడ్డించినవన్నీ తిన్నాను.