వెనక పేజీ ఓబులేసు రాయలేదు

మీతో ఒక మాట చెప్పాలి. పదేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో ఆవిడతో చెబుదామని రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. రెండుసార్లూ ఆవిడ దగ్గుమందు తెచ్చిచ్చింది. తాగి ఊరుకున్నాను. నేను చేసింది దొంగతనం కాదు, హత్య కాదు. వింటే మీలో సగంమంది నవ్వుతారు. నవ్వండి, నాకూ ఒక్కోసారి నవ్వొస్తుంది. నవ్వు అయిపోయాక మాత్రం ఒక మనిషి ముఖం గుర్తొస్తుంది. ఆ పూట అన్నం సహించదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్తల్లో అనంతపురం పాతూరులో, ఒక సైకిల్ షాపు మీది గదిలో మాకొక సంఘం ఉండేది. ఎర్రజెండా సంఘమే. రైతులు, నేతగాళ్లు, బడిపంతుళ్లు, ఒకరిద్దరు గుమాస్తాలు. రాప్తాడులో కొందరు, ధర్మవరంలో కొందరు, తాడిపత్రిలో కొందరు ఉండేవాళ్లు. అందరం తరచుగా కలవలేం కాబట్టి పదిహేను రోజులకొక చర్చాపత్రం వేసేవాళ్లం. ఒకే కాగితం, రెండు వైపులు. సైక్లోస్టైల్ మిషను మీద తీసి, కట్టలు కట్టి, బస్సు కండక్టర్ల చేతికిచ్చి ఊళ్లకు పంపేవాళ్లం. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని, మైనపు కాగితం మీద ఇనుప కలంతో స్టెన్సిల్ రాసే పని నాకిచ్చారు. ఎవరేం రాసి పంపినా చివరికి అందరూ చదివేది నా అక్షరాలే.

పత్రానికి నియమాలు పెట్టింది మా సెక్రెటరీ సారు. కాలేజీలో పాఠాలు చెప్పేవారు, సంఘంలోనూ మానేవారు కాదు. ముందు పేజీలో సంఘం అభిప్రాయం. వెనక పేజీలో భిన్నాభిప్రాయం. రాసినవాళ్ల పేరు ఉండకూడదు, కింద 'ఒక సభ్యుడు' అని ఉంటే చాలు. పేరుంటే మనిషిని తిడతారు, పేరు లేకపోతే అభిప్రాయంతో మాత్రమే వాదిస్తారని ఆయన నమ్మకం. అంత చదువుకున్న మనిషి అంత పొరపాటు పడగలడని అప్పుడు నాకు తోచలేదు.

మొదటి పత్రం ముందు పేజీకి శీర్షిక 'కరువుకు కారణం వ్యవస్థ'. చెరువుల పూడిక తీయించనిది ఎవరు, బావులు ఎవరి పొలాల్లో తవ్వారు, కరువు పనుల గింజలు ఎవరి ఇంటికి చేరాయి, అన్నీ ముప్పై వరుసల్లో ఉన్నాయి. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. చిక్కేమిటంటే, దాన్ని కాదనేవాడు సంఘంలో ఒక్కడూ లేడు. వెనక పేజీ ఖాళీ. సారు ఊళ్లో లేరు. బస్సుకు గంట టైముంది. ఖాళీగా పంపితే మాలో భిన్నాభిప్రాయానికి చోటు లేదనుకుంటారు, పైగా సగం కాగితం వృథా. సరే అని కూర్చుని నేనే రాశాను. 'వ్యవస్థ పాత్రను కాదనలేం. అయితే కరువులో వాన పాత్రను తక్కువ అంచనా వేయరాదు.' కింద, ఒక సభ్యుడు. అడిగినవాళ్లకు, కాగితం ఎవరో తలుపు సందులోంచి వేసిపోయారని చెప్పాను.

వారం తిరక్కుండా పదకొండు ఉత్తరాలొచ్చాయి. అంతకుముందు ఆరు నెలలు ఎన్ని కరపత్రాలు పంపినా అందినట్టు కూడా ఎవరూ రాయలేదు. ఇప్పుడు వానను సమర్థించినవాడు ఎవరు, వాడి వర్గం ఏది, వాడి వెనక ఏ భూస్వామి ఉన్నాడు అని ఒకటే ఆరా. ఉత్తరాల సారం ముందు పేజీకెక్కింది. మరి దానికి జవాబు ఉండాలి కదా, వెనక పేజీ ఎదురుచూస్తోంది. మళ్లీ రాశాను. మళ్లీ ఉత్తరాలు. ముప్పై వరుసల్లో తీర్పు పట్టేస్తుంది కానీ కారణాలు పట్టవు. అందుకని అందరం తీర్పులే రాశాం. జవాబు వచ్చేసరికి నెల గడిచేది. ఎవరేమన్నారో మరిచిపోయేవాళ్లు, కోపం మాత్రం గుర్తుండేది.

ఎందుకు ఆపలేదు? నన్ను నేను చాలాసార్లు అడిగాను. చర్చ బతికి ఉండాలని జవాబు చెప్పుకునేవాణ్ణి. అబద్ధం. నేను రాసింది జనం చదువుతున్నారు, చదివి పళ్లు కొరుకుతున్నారు. అది బాగుండేది. ముందు పేజీ నమ్మి రాసేవాణ్ణి, వెనక పేజీ ఇష్టపడి రాసేవాణ్ణి.

ఏడాది తిరిగేసరికి సంఘంలో వ్యవస్థవాదులు, వానవాదులు అని రెండు జట్లు తయారయ్యాయి. మీటింగుకు గొడుగు తెచ్చిన ఒక పంతులును ఎవరూ పలకరించలేదు. రాప్తాడు రైతు ఒకాయన, పక్కా వ్యవస్థవాది, విత్తనాల రోజుల్లో సంఘానికి ఉత్తరం రాశాడు. తాను పొద్దున్నే ఆకాశం చూడడం అలవాటు వల్లనే తప్ప సిద్ధాంతం వల్ల కాదని, దయచేసి అపార్థం చేసుకోవద్దని. ఆ ఉత్తరాన్ని నేను చాలా గంభీరంగా ఫైల్లో పెట్టాను.

ఇక ఓబులేసు సంగతి. ధర్మవరం పట్టుచీరల నేతగాడు. నాకంటే పదేళ్లు పెద్ద. పెద్దగా చదువుకోలేదు కానీ మగ్గాల వాళ్లందరికీ అతని మాటంటే గురి. అనంతపురం వస్తే నాతో టీ తాగకుండా పోయేవాడు కాదు. ఒకరోజు టీ తాగుతూ ఈ గొడవంతా విని నవ్వాడు. పడుగు ఒక్కటుంటే సరిపోతుందా, పేక లేకుంటే చీర ఎక్కడినుంచి వస్తుంది అన్నాడు. ఆ మాట నాకు తెగ నచ్చింది. నచ్చితే నచ్చింది, ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. తరువాతి వెనక పేజీలో రాశాను, వ్యవస్థ పడుగు, వాన పేక అని.

సారు ఆ పేజీ పట్టుకుని వచ్చారు. ముఖం వెలిగిపోతోంది. రాసినవాడు నేతగాడే అన్నారు. సంఘంలో అంత గట్టిగా మాట్లాడే నేతగాడు ఒక్కడే.

విచారణ జరిగింది. ఆరుగురు సభ్యులం. మినిట్సు రాసేది నేనే. రాశావా అని అడిగితే ఓబులేసు రాయలేదన్నాడు. అంతటితో ఆగి ఉంటే బతికిపోయేవాడు. "కానీ రాసినోడు చెప్పిండేది నిజమే గద సారూ, వాన లేకుంటే శెనక్కాయ ఎట్ల మొలుస్తాది?" అన్నాడు. సారు నా వైపు తిరిగి, ఇది రాసుకో అన్నారు. రాసుకున్నాను. అతన్ని సంఘం నుంచి తీసేయాలనేవాళ్లు చెయ్యెత్తండి అన్నారు. కుడిచేత్తో రాస్తున్నాను కాబట్టి ఎడమచెయ్యి ఎత్తాను.

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. రెండేళ్లుగా అలాంటి వాన చూడలేదు. కిటికీలోంచి జల్లు కొట్టి, ఆ పూట పంపాల్సిన పత్రాల కట్ట తడుస్తోంది. ఒక్కడూ లేవలేదు. లేచి కిటికీ మూస్తే వానను పట్టించుకున్నట్టవుతుంది. ఐదుగురూ గోడమీది క్యాలెండరు చూస్తున్నారు. నేను మినిట్సు చూస్తున్నాను. అప్పుడే సంఘంలోంచి పోయిన ఓబులేసు లేచి వెళ్లి కిటికీ మూశాడు. కట్ట తీసి బల్లమీద ఆరేశాడు.

మెట్ల మీద నాకోసం ఆగాడు.

"ఏమప్పా, నువ్వూ చెయ్యెత్తితివే."

"అందరూ ఎత్తినారు గదన్నా."

"ఎత్తినారులే. నేను అడిగేది అది కాదు. ఆ వెనక పేజీ రాసేటోడు ఎవడో గానీ, నా మనసులో ఉండేదే రాస్తాండాడు. కాగితాలన్నీ నీ చేతిమీదనే పోతాయి గద. వాడెవడో నీకు తెలిసే ఉంటాది."

"తెలీదన్నా. తలుపు సందులో యేసి పోతారు."

"సరేలే. యాడన్నా కనపడితే చెప్పు, ఓబులేసు మెచ్చుకున్నాడని. భయపడొద్దని కూడా చెప్పు."

తడుస్తూనే బస్టాండుకు వెళ్లిపోయాడు.

అసలు తప్పు దీని తరువాత చేశాను. ఇప్పటిదాకా చెప్పినదంతా కుర్రతనం అని కొట్టేయొచ్చు. పదిహేను రోజుల తరువాత పత్రం వేళయింది. ఇంకొక్క వెనక పేజీ రాసి పంపితే చాలు, రాసేది ఓబులేసు కాదని అందరికీ తెలిసిపోయేది. స్టెన్సిల్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పడుగు పేకల మాట టీకొట్లో ఎవరి ముందు పుట్టిందో సారుకు తెలిస్తే? భయమేసింది. ఏడాదిపాటు నింపినవాణ్ణి, ఆ ఒక్కసారి ఖాళీగా వదిలేశాను. తెల్లగా ఉన్న ఆ వెనక పేజీని సారు మీటింగులో ఎత్తి చూపించారు. చూశారా, ఓబులేసు పోయాడు, భిన్నాభిప్రాయమూ పోయింది అన్నారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

ఆ వారంలోనే ధర్మవరంలో చీరల వ్యాపారులతో నేత కూలి గురించి మాటలు. నేతగాళ్ల తరఫున ఓబులేసు మాట్లాడాల్సింది. అతన్ని తీసేశాం కాబట్టి గుమాస్తా మిత్రుణ్ణి పంపాం. ఆయన గంటసేపు భూస్వామ్య వ్యవస్థ గురించి మాట్లాడాడట. వ్యాపారులు శ్రద్ధగా విని, మంచి కాఫీ తెప్పించి, కూలి మాత్రం ఉన్నచోటే ఉంచి పంపించారు. సమయానికి రాలేదని నేతగాళ్లు ఓబులేసు మీదే మండిపడ్డారు. వాన మాట అన్నందుకు సంఘం తీసేసిందని వాళ్లకేం చెబుతాడు? కొన్నాళ్లకు మగ్గం అమ్మేసి, తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే పనికి పోయాడు.

కొన్నేళ్ల తరువాత ఒకసారి అన్నీ చెప్పేద్దామని తాడిపత్రి వెళ్లాను. పట్టుపోగులు పట్టిన చేతులకు మోచేతులదాకా తెల్లటి రాతిపొడి. టీ తెప్పించాడు. అందరినీ పేరుపేరునా అడిగాడు. చివరికి, ఆ వెనక పేజీవాడు కనపడ్డాడా అని అడిగాడు. లేదన్నాను. బస్సెక్కాను.

సంఘం ఆ తరువాత మూడు ముక్కలైంది. ముక్కకొక పత్రం వచ్చింది, మూడింటికీ ముందు పేజీ ఒక్కటే ఉండేది.

ఇది చదివి నన్ను క్షమించమని అడగను. అడగడానికి మీరు ఓబులేసు కాదు. కానీ ఈ మాత్రం రాశాక ఛాతీలో కాస్త గాలి ఆడుతోంది, అది దాచను. ఆ రోజు పంపాల్సి ఉండి పంపని వెనక పేజీ ఇదే. తాడిపత్రి కండక్టరు చేతికివ్వాలి. ఇస్తాననే అనుకుంటున్నాను. పేరు పెడదామని కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చెయ్యి పాత అలవాటు వదల్లేదు.

ఒక సభ్యుడు