వసుంధర మేడం కోపం

నిన్న సాయంత్రం సంగారెడ్డి నుంచి వస్తున్న బస్సు పటాన్‌చెరు దాటుతుండగా కిటికీలోంచి ఆ వాసన వచ్చింది. కుళ్లిన కోడిగుడ్డులో పంచదార పాకం కలిపినట్టుండే వాసన. అమీన్‌పూర్‌లో కొత్తగా ఫ్లాటు కొనుక్కున్నామని అంతకుముందే చెప్పిన పక్క సీటు అమ్మాయి, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని "డ్రైనేజీ అనుకుంటా ఆంటీ" అంటూ అద్దం మూసేసింది. డ్రైనేజీ కాదు, మందుల ఫ్యాక్టరీలు వదిలేది. నేను ఆ వాసనలో పుట్టి పెరిగినదాన్ని. ఇప్పుడది ఎప్పుడో ఒకసారి వస్తుంది, అప్పట్లో రోజూ ఉండేది. పాత కోపం ఒకటి లేచి కూర్చుంది. ఆ కోపాన్ని నాకు నేర్పిన మనిషి గురించి రాయాలి.

ఆమె పేరు వసుంధర. ఆమెది కోస్తా కుటుంబం. తండ్రి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వస్తే, ఆ క్వార్టర్లలోనే పెరిగి మనస్తత్వశాస్త్రం చదువుకుంది. తొంభైల చివర్లో నగరంలోని ఒక పరిశోధన సంస్థ ఆమెకు పని అప్పగించింది. ఏళ్ల తరబడి వదలని జబ్బులతో, అంటే దమ్ము, కీళ్లవాతం, మూత్రపిండాల జబ్బులతో బతుకుతున్నవాళ్ల మనసు ఎలా ఉంటుందో పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లలో తెలుసుకోవాలి. నేను అప్పుడే ఎమ్మే ముగించి ఖాళీగా ఉన్నాను. ఈ ఊళ్లు తెలుసు, ఈ మాట తెలుసు. అందుకే సహాయకురాలిగా తీసుకుంది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మొదటి రోజు జీపులో వాసనకు నేను అద్దం ఎత్తబోతే "ఎత్తకు. మనం మాట్లాడబోయేవాళ్లు ఇందులోనే అన్నం తింటున్నారు" అంది.

మా ప్రశ్నలు ఇంగ్లీషు నుంచి తెచ్చి, ఎవరో పండితుడి చేత తెలుగు చేయించినవి. బాలమణి అనే పెద్దావిడ, కీళ్లనొప్పులతో వేళ్లు వంకర్లు పోయి, అరుగు మీద కూర్చుని ఉంది. "మీరు తరచుగా నిరాశా నిస్పృహలకు లోనవుతున్నారా?" అని చదివాను. ఆమె కాసేపు ఆలోచించి "గదేం గోలీ బిడ్డా? సర్కారు దవాఖానల ఇస్తరా?" అంది. నాకు ఫక్కున నవ్వొచ్చింది. మేడం ముఖం ఎర్రబడింది. జీపు దగ్గరకు వచ్చాక పట్టుకుంది నన్ను.

"ఎవర్ని చూసి నవ్వావు?"

"ఆమెకు అర్థం కాలేదు మేడం, అందుకని..."

"ఆవిడకు ఆవిడ బాధ బాగానే అర్థమైంది. మన భాషే ఆవిడకు అర్థం కాలేదు. అందులో నవ్వాల్సింది మనల్ని చూసి."

ఆ వారమంతా పని ఆపేసి ప్రశ్నలు మార్చాం. "పొద్దుగాల లేస్తనే పానం ఎట్లుంటది? రేపటి సంగతి తలుసుకుంటే బుగులైతదా? నలుగుట్ల కూసోబుద్ది అయితదా?" అని అడిగితే బాలమణి తొలిసారి ఏడ్చింది. మనవరాలి తల దువ్వలేకపోతున్నానని చెప్పి ఏడ్చింది. మేడం ఏమీ రాసుకోలేదు. కొంగుతో ఆమె ముఖం తుడిచి చాలాసేపు పక్కన కూర్చుంది.

మా ఊరి మల్లేశన్న ఇంటికి కూడా వెళ్లాం. మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో, రసాయనాలు ఉడికించే విభాగంలో ఆయన ఏళ్లుగా పనిచేస్తున్నాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదని గోడకు ఆనుకుని నిద్రపోయేవాడు. అంతకుముందు ఊళ్లో బోనాలకు అందరికంటే ముందు నడిచిన మనిషి, పిల్లలు దగ్గరకొస్తే చేత్తో వద్దని సైగ చేస్తున్నాడు.

"అన్నా, బతకబుద్ది అయితలేదా?" అని అడిగాను. ఆ ప్రశ్న అడగడం నాకు కష్టమైంది.

"బతకబుద్ది ఉన్నది చెల్లె" అన్నాడు, ఒక్కో మాటకూ ఆగుతూ. "ఊపిరి తీస్కోబుద్ది గూడ ఉన్నది. వస్తలేదు. గదే పంచాయితి."

ఆయనకు దిగులు లేదని కాదు. చాలా ఉంది. అన్నం ముట్టడు, ఎవరితోనూ మాట్లాడడు. ఊపిరితిత్తులకు వైద్యం చేసి దిగులును వదిలేస్తే మందులు కూడా మానేస్తాడని మేడం భయపడింది. ఆమే దగ్గరుండి మానసిక వైద్యుడికి చూపించింది. మందులు పడ్డాక ఆయనకు కాస్త ఆకలి పుట్టింది. చిన్న కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. వాళ్లావిడ సుజాత వదిన మాకు జొన్నరొట్టెలు చేసి పెట్టింది. అప్పుడు మేడం నవ్వడం చూశాను.

తర్వాత మల్లేశన్న ఫ్యాక్టరీవాళ్ల నుంచి పిలుపొచ్చింది. చల్లని గది, సమోసాలు, మర్యాదలు. సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారి చేతిలో, మా సంస్థ అప్పుడే అచ్చువేసిన మా నివేదిక ఉంది. "చాలా ఉపయోగకరంగా ఉంది మేడం. దీర్ఘకాలపు రోగుల్లో దిగులు ఎక్కువని మీరే తేల్చారు. మేమూ అదే అంటున్నాం. ఈ ఆయాసాలన్నీ మనసుకు సంబంధించినవి. వర్కర్లకు ధ్యానం క్లాసులు పెట్టిద్దామనుకుంటున్నాం. మీరొచ్చి ప్రారంభించాలి" అన్నాడు.

మేడం సమోసా పళ్లెం దూరంగా జరిపింది. "ఊపిరాడక దిగులుపడ్డవాణ్ణి పట్టుకుని, దిగులుపడ్డాడు కాబట్టే ఊపిరాడలేదంటారా? ముందు ఆ రసాయనాలు ఉడికే గదిలో గాలి బయటికి పోయే ఏర్పాటు చెయ్యండి. ధ్యానం వాళ్లే చేసుకుంటారు." ఆ గొంతు వరండా చివరి దాకా వినపడి ఉంటుంది.

నెల తిరక్కుండా మల్లేశన్నను పనిలోంచి తీసేశారు. సెలవు కోసం ఆయన మానసిక వైద్యుడి చీటీ చూపించాడు. దానికి మా నివేదికలోని ఒక వాక్యం జోడించి "మానసిక కారణాల వల్ల పనికి పనికిరాడు" అని రాశారు. సుజాత వదిన మా ఇంటికొచ్చి గడపలోనే కూలబడింది. "దమ్ము రోగమంటే ఓర్సుకుండు స్వరూపా. పిచ్చోడన్నంక ఇంట్లకెళ్లి బైటికే వస్తలేడు. ఆ గోలీలు గూడ పారేసిండు."

ఈ సంగతి చెప్పినప్పుడు మేడం అరవలేదు. "నేను ఇప్పించిన మందునే వాడి మెడకు ఉరి చేశారు" అంది. ఆ తర్వాత ఆ తొలగింపు మీద సంగారెడ్డిలో కార్మిక శాఖవాళ్లు పెట్టిన విచారణకు సాక్షిగా వస్తానని మల్లేశన్నకు కబురు పెట్టింది. సంస్థ పెద్దాయన పిలిచి "మనం పరిశోధకులం. ఎవరి పక్షమూ వహించకూడదు" అన్నాడట. "నా వాక్యాన్ని వాళ్లు ఇప్పటికే తమ పక్షం చేసుకున్నారు. తిరిగి తెచ్చుకోవడానికి వెళ్తున్నాను" అని చెప్పి వచ్చేసింది.

విచారణ గదిలో కంపెనీ వకీలు చాలా తీరిగ్గా అడిగాడు.

"దీర్ఘరోగుల్లో దిగులు ఎక్కువని రాసింది మీరేనా?"

"నేనే."

"ఇతనికి దిగులు ఉందా?"

"ఉంది. లేకపోతే ఆశ్చర్యపోయేదాన్ని." అంతవరకూ నెమ్మదిగానే ఉంది. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. మీరు వాడికంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. వీడి ఏడుపు వల్లే ఇల్లు కాలిందంటున్నారు!"

విచారణ అధికారి గొంతు తగ్గించమన్నాడు. ఆమె తగ్గించలేదు. బెంచీ మీద మల్లేశన్న తల ఎత్తి కూర్చున్నాడు. ఎన్ని నెలలకో ఆ తల అలా నిలబడడం చూశాను.

ఉద్యోగం తిరిగి రాలేదు. "మానసిక కారణాల వల్ల" అన్న మాటను మాత్రం కొట్టేయించగలిగాం. ఇంతేనా అని నేను ఏడిస్తే మల్లేశన్నే సముదాయించాడు. "నా పోరగాండ్లను ఇగ ఎవడు పిచ్చోని పిల్లలనడు. సాలు చెల్లె." కొన్నేళ్లకు ఊపిరితిత్తులు పూర్తిగా పాడై ఆయన చనిపోయాడు. మేడం ఉద్యోగాన్ని సంస్థ పొడిగించలేదు. ఆ తర్వాత ఆమె ఒక చిన్న కాలేజీలో పాఠాలు చెప్పుకుంది. ఫ్యాక్టరీలో ధ్యానం క్లాసులు మొదలయ్యాయి. ప్రారంభించడానికి వేరే ఎవరో దొరికారు.

చివరి రోజుల్లో మేడంకే మూత్రపిండాలు చెడిపోయాయి. డయాలసిస్ మంచం పక్కన నేనున్నప్పుడు ఒక కుర్ర డాక్టరు వచ్చి "పాజిటివ్‌గా ఆలోచించండమ్మా, సగం జబ్బు తగ్గిపోతుంది" అన్నాడు. "ఆ తగ్గే సగం ఏదో చూపించు నాయనా, మిగతా సగానికే బిల్లు కడతాను" అంది. అతను వెళ్లాక నా చెయ్యి పట్టుకుని "భయంగా ఉందే" అంది మెల్లగా. ధైర్యంగా ఉండమని నేను అనలేదు. "ఉంటది మేడం" అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇప్పుడు నేను ఒక ఆసుపత్రిలో డయాలసిస్ రోగులతో, షుగర్ రోగులతో మాట్లాడే పని చేస్తున్నాను. ఏటా శిక్షణకు కొత్త పిల్లలు వస్తారు. బాగా చదువుకున్న, మంచి పిల్లలు. రోగి కష్టం వింటున్నప్పుడు ప్రశాంతంగా ఉండడం ఎలాగో చెప్పమంటారు. దానికి వేరేవాళ్లను అడగమంటాను. నాకది ఎవరూ నేర్పలేదు.