సరంగు బాబాయి నేర్పిన ముడి

మా కింది వాటాలో ఉండే సరంగు బాబాయి పోయారు. మూడు వారాల కిందట ఒక ఉదయం టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వసారాలో కుర్చీలో కూర్చున్నారు. పాల ప్యాకెట్ ఇవ్వడానికి దిగిన నేను రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవాల్సిన అవసరం లేదని అర్థమైంది.

ఆయన మాకు చుట్టం కాదు. కంచరపాలెంలోని ఈ ఇంటికి మేము వచ్చేనాటికే కింద ఉంటున్నారు. పోర్టులో పెద్ద ఓడలను లాగి రేవుకు చేర్చే టగ్గు పడవ మీద సరంగుగా, అంటే ఆ పడవ మనుషులందరికీ పెద్దగా చేసి రిటైరయ్యారు. ఊరంతా సరంగు అనే పిలిచేది. మేము దానికి బాబాయి చేర్చుకున్నాం.

ఆయన ఇంట్లో కట్టకుండా ఉన్న వస్తువు ఉండేది కాదు. సైకిలు, నీళ్ల డ్రమ్ము మూత, గొడుగు, చివరికి కుర్చీ కాలు కూడా కిటికీ చువ్వకు తాడుతో కట్టి ఉండేవి. స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చిన మా వారు ఒకరోజు ఉండబట్టలేక అడిగేశారు.

"ఇల్లొకటీ ఒగ్గేసేరేటి బాబాయ్? అది కూడా కట్టీండి."

"పునాది సూసేన్రా నాయనా. బాగానే కట్టేరు. లేపోతే కట్టీసేవోణ్ణే."

మేడ మీద ఆయన మొక్కలు పెంచేవారు. అన్నిటిలోకీ పిన్నిగారి ఆర్కిడ్ అంటే ఆయనకు ప్రాణం. పిన్నిగారు, అంటే ఆయన భార్య, పోయే ముందు ఏడాది ఎక్కడో పూల ప్రదర్శనలో ముచ్చటపడి కొన్న మొక్క అది. వెదురు కణుపుల్లాంటి కాడలు, ఊదారంగు పూలు. ఆవిడ చేతిమీదుగా వచ్చిన వాటిలో ప్రాణంతో మిగిలింది అదొక్కటే. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. కానీ పొద్దున్నే మేడెక్కి ముందు దాన్ని చూశాకే మిగతా మొక్కల వైపు తిరిగేవారు.

మూడేళ్ల కిందట కంటి ఆపరేషన్ చేయించుకుని, నెల రోజులు బొబ్బిలిలో కూతురి దగ్గర ఉండాల్సి వచ్చింది. వెళ్తూ మొక్కలు నాకు అప్పగించారు. "నీకైతే నాను సెప్పక్కర్లేదమ్మా. నువ్వు పద్ధతిగల మనిషివి" అన్నారు.

పద్ధతి అంటే నాకు పట్టింపే. గ్యాసు బండ ఎప్పుడు మార్చాను, మంచినీళ్ల ఫిల్టరు ఎప్పుడు కడిగాను, అన్నీ పుస్తకంలో రాస్తాను. ఆర్కిడ్‌కు ఒక పేజీ కేటాయించాను. రోజూ ఉదయం ఏడింటికి ఒక గ్లాసు నీళ్లు, పక్కన ఒక టిక్కు. మేడ మీద మరక పడకుండా కుండీ కింద పళ్లెం కూడా పెట్టాను. పళ్లెంలో నీళ్లు నిలుస్తుంటే మొక్కకు చల్లగా ఉంటుందిలే అనుకున్నాను. ఆకుల మీద పడే నల్లటి ధూళి తడిగుడ్డతో తుడిచాను. ఒక్కరోజు కూడా తప్పలేదు.

మూడో వారానికి ఆకులు పసుపెక్కాయి. కాడలు ముడతలు పడ్డాయి. దాహంతో ఉందనుకుని సాయంత్రం ఇంకో గ్లాసు, ఇంకో టిక్కు. ఆయన వచ్చే రోజుకు కుండీ నుంచి కుళ్లిన వాసన వస్తోంది.

ఆయన సంచీ దింపేలోపే చెప్పేశాను. "బాబాయ్, పిన్నిగారి మొక్క పాడైపోయింది. నానే పాడుచేసీసేను." పుస్తకం చేతికిచ్చాను.

నల్లకళ్లద్దాలు పైకి తోసి పేజీ అంతా చూశారు. కోప్పడతారనుకున్నాను. తల ఎత్తారు.

"ఏటమ్మా ఇది? నువ్వేటి సేసేవో అంతా ఉంది. మొక్క ఎలగుందో ఒక్క ముక్క నేదు."

పుస్తకం మూసి నా చేతిలో పెట్టారు.

"పడవ మీద మాకూ పుస్తకం ఉండేది. అందల ముందు సముద్రం రాయాల. గాలెటుంది, నీరెలగుంది. ఆ తరవాతే మనం ఏటి సేసేమో రాయాల."

మేడ మీద కుండీ బోర్లించమన్నారు. తాను ముట్టుకోనన్నారు. "నీ సేతిలో పడుకుంది, నీ సేతిలోనే లేవాల" అని బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చున్నారు. వేళ్లతో ఒక్కో వేరూ నొక్కి చూడమన్నారు. గట్టిగా ఉంటే బతికున్నట్టు. మెత్తగా నలిగి, పైతొడుగు ఊడి, లోపల దారం మిగిలితే పోయినట్టు. మొత్తం పందొమ్మిది వేర్లలో గట్టిగా ఉన్నవి రెండు. బ్లేడు స్టవ్వు మంట మీద కాల్చి మిగతావన్నీ కోశాను. కోతల మీద వంటింట్లోని దాల్చిన చెక్క పొడి అద్దాను. కొబ్బరి డొప్పలో కూర్చోబెట్టి, నీడలో వేలాడదీశాను.

"నీళ్లు, బాబాయ్?"

"మూడ్రోజులు సుక్క పోయకు."

"ఎండిపోద్దేమో?"

"నీకు గాబరా తగ్గడానికి దానికి నీళ్లు పోత్తావేటి?"

ఆ మాట ఆ తర్వాత నా జీవితంలో చాలాచోట్ల అడ్డం వచ్చి నిలబడింది. పిల్లల విషయంలోనూ.

అప్పటినుంచి పుస్తకం మారింది. గాలి తూర్పు నుంచి, ఉక్కపోత, డొప్ప లోపల తడి ఉంది, నీళ్లు వద్దు. ఎండ, పడమటి గాలి, డొప్ప పొడి, తుంపర. అలా రాయాలంటే ముందు చూడాలి కదా. నెల రోజుల్లో నేను ఆ మొక్కను చూసినంతగా అంతకుముందు ఏ వస్తువునూ చూసి ఉండను.

అయిదో వారంలో కాడ మొదట్లో పెసరగింజంత పచ్చటి మొన కనిపించింది. కొత్త వేరు. ఆ రోజు మెట్లు రెండేసి దిగి చెప్పాను. మర్నాడు పెద్దగాలి వీచింది. జాలిపడి మెత్తటి గుడ్డపీలికతో వదులుగా కట్టానేమో, మొక్క డొప్పలో అటూ ఇటూ ఊగి, ఆ మొన కాస్తా రాసుకుని విరిగిపోయింది.

ఆయన ఆ విరిగిన చోటు చూశారు. ఆయన మొహం మీద నేను బాధ చూసింది ఆ ఒక్కసారే. పిన్నిగారు పోయినప్పుడు కూడా మా ముందు అలా చిన్నబుచ్చుకోలేదు.

"ఊగీదానికి ఏరు పట్టదమ్మా" అన్నారు. "కట్టు గట్టిగుండాల. కాడని కొయ్యకూడదు."

జేబులోంచి వలలు అల్లే దారం ముక్క తీశారు. అప్పటికీ మొక్కను ముట్టుకోలేదు. మేడ మీద ఇనుప చువ్వకు ఒక ముడి వేసి చూపించారు. రెండు చుట్లు తిప్పి, కింద నుంచి తెచ్చి, ఆ చుట్ల మధ్యనుంచే దూర్చి లాగడం. టగ్గు మీద చిన్న పనులకు తాము వేసుకునే ముడి అన్నారు. ఎంత లాగినా జారదు. విప్పాలనుకుంటే ఒక్క వేలితో వచ్చేస్తుంది. నేను వంటింటి కిటికీ చువ్వకు, అన్నం ఉడికే లోపల, పదిరోజులు వేసి విప్పాను. ఆ తర్వాతే మొక్కకు కట్టాను.

ఇంకో ఆరు వారాలకు రెండు మొనలు వచ్చాయి. అవి పొడుగై డొప్ప పీచును పట్టుకున్నాయి. వానాకాలం దాటేసరికి కొత్త కాడ లేచింది. మరుసటి ఏడాది తొమ్మిది పూలు పూసింది.

ఆ వారం ఆయన పాత పోర్టు స్నేహితుణ్ణి పిలుచుకొచ్చారు. మోకాళ్ల నొప్పులతో మూలుగుతూ ఆ పెద్దాయన మెట్లెక్కారు.

"ఏటి బావా, పోర్టుల కట్టిన తాళ్లు సాల్లేదేటి? మొక్కలికీ కడతన్నావా?"

"నాను కట్నేదు బావా. ఈయమ్మి కట్టింది. లాగి సూడు."

ఆ పెద్దాయన వేలితో దారం లాగి చూశారు. ఇంకోసారి లాగారు. "మన కుర్రోళ్లలో సగం మందికి ఇది రాలేదు కదేటి" అన్నారు.

"మరేటనుకున్నావు" అన్నారు బాబాయి. మీసం తిప్పుకోవడం ఒక్కటే తక్కువ. ఇరవై ఏళ్లకు పైగా ఇల్లు నడుపుతున్నాను. నా పని గురించి ఒక మనిషి మరో మనిషి ముందు అంత గర్వంగా చెప్పడం నేను అప్పుడే విన్నాను. ఈ రోజు ఆయన గురించి నేను అలాగే చెప్పుకుంటున్నాను. చేతిలో పెట్టిన ప్రాణాన్ని నేను చెడగొడితే, మళ్లీ నా చేతిలోనే పెట్టి, పక్కన కూర్చుని చూసిన మనిషి ఆయన. కష్టంగా ఉన్నా తన చేయి వెనక్కి పెట్టుకున్నారు. అదెంత కష్టమో ఆయన ఉంగరం వేలు డబ్బా అంచు మీద కొట్టుకుంటుంటే చూశాను.

దినాలు అయ్యాక బొబ్బిలి నుంచి వచ్చిన ఆయన కూతురు నా దగ్గరకు వచ్చింది. "అమ్మ మొక్క నాను పట్టుకెళ్తానక్కా" అంది. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. అయినా, "మీ అమ్మదేనమ్మా, నీ ఇష్టం" అన్నాను. ఇద్దరం మేడెక్కాం. డొప్పకు వేర్లు ఎలా అల్లుకున్నాయో చూసి, చెయ్యి పెట్టబోయి ఆగిపోయింది.

"ఇది ఇక్కడే ఉంటాదక్కా. నాకు పిలకుంటే ఇయ్యి."

పై కణుపు దగ్గర ఒక పిలక ఉంది, నాలుగు సొంత వేర్లతో. ఆ సాయంత్రం దాన్ని విడదీసి, కొత్త డొప్పలో పెట్టి, దారం కట్టాను. మర్నాడు మద్దిలపాలెంలో బస్సు ఎక్కించడానికి నేనూ వెళ్లాను. కిటికీ పక్కన కూర్చుని ఒళ్లో డొప్ప పెట్టుకుని, వేలితో ముడి తడిమింది.

"ఇది నాన్న ముడి కదక్కా. ఎప్పుడు కట్టి ఉంచేరు?"

"నిన్న సాయంత్రం నానే కట్టేనమ్మా."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. మళ్లీ ముడి వైపు చూసి, ఒకసారి లాగింది.

బస్సు ఒక్క కుదుపుతో కదిలింది. కిటికీలో మనుషులందరూ వెనక్కి ఊగారు. డొప్పలో ఆ పిలక మాత్రం, రెండు ఆకులు విప్పుకుని, కట్టిన చోట కట్టినట్టే నిలబడి వెళ్లింది.