ఏరు అన్న మాట

మొన్న భద్రాచలం బస్టాండులో వాన పట్టుకుంటే షెడ్డు కిందికి చేరాను. చర్ల బస్సు దిగిన ఇద్దరు ఆడవాళ్ళు తడిసిన గంపలు నా పక్కనే దించి, కోయ భాషలో గట్టిగా మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ మాటల మధ్య ‘ఏరు’ అని వినబడింది. తెలుగులో ఏరంటే వాగు. కోయలో ఏరంటే నీళ్ళు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ మాట చెవిన పడితే నా నోరు ఎండిపోతుంది. చుట్టూ అంత వాన కురుస్తున్నా ఎండిపోయింది. రూతమ్మ టీచరు గురించి రాయాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఇక వేయకూడదని ఆ షెడ్డు కిందే నిర్ణయించుకున్నాను.

అప్పట్లో మేం సారపాకలో ఉండేవాళ్ళం. నాన్న వైరా దగ్గరి పల్లె నుంచి వచ్చి కాగితం మిల్లులో కాంట్రాక్టు పనికి కుదిరాడు. అమ్మ చర్ల అవతలి కోయగూడెం మనిషి. ఇద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళికి ముందు అమ్మ బాప్తిస్మం తీసుకుని మరియమ్మ అయింది. ఆ నీళ్ళలోనే తన భాషను కూడా వదిలేసి రావాలని నాన్న అనుకున్నాడు. “సంఘంల ఎవరన్న అడిగితే మీ అమ్మమ్మోళ్ళది కొత్తగూడెం అని చెప్పు. ఇంకెక్కువ మాట్లాడకు” అని నాకు నేర్పాడు. నాన్న చెడ్డవాడు కాదు. సంఘంలో పిల్లలు కొట్లాడుకుంటే “నువ్వేమన్న కోయదానివా, చెప్తే సమజ్ కాదా” అని తిట్టుకునేవాళ్ళు. పెద్దవాళ్ళు విని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు తన ఇంటిదాకా రాకూడదన్నదే నాన్న తాపత్రయం. నేనేమో నల్లగా, చప్పిడి ముక్కుతో అచ్చం అమ్మలా పుట్టాను. స్నానం చేసేటప్పుడు ముక్కును రెండు వేళ్ళతో పట్టి సాగదీసుకునేదాన్ని. నాన్న డ్యూటీకి పోయాక మాత్రం అమ్మ నాతో కోయలోనే మాట్లాడేది.

రూతమ్మ టీచరు సర్కారు బడిలో పనిచేస్తూ, ఆదివారాలు మాకు సండే స్కూలు చెప్పేవారు. తెల్లటి ఛాయ, తీర్చిన ముక్కు, తూకం వేసినట్టు మాట. ప్రభు సంస్కారంలో సంఘమంతా పంచుకుని తినే రొట్టె చేసే పని ఆమెకే అప్పగించారు. నెలకొకసారి తలస్నానం చేసి, ప్రార్థన చేసుకుని, పులియని పిండితో ఆ రొట్టె కాల్చేవారు. వాక్యాలు కంఠస్థం చేయించి ఊరుకునే మనిషి కాదు. ఒక ఆదివారం ఎస్తేరు రాణి కథ చెప్పి నన్ను లేపారు.

“ఎస్తేరూ, నీ పేరున్న రాణి తనది ఏ జనమో రాజుకు ఎందుకు చెప్పలేదే?”

“పెంచిన మొర్దెకై వద్దన్నడు టీచర్.”

“అది గ్రంథంల ఉన్నది. నిన్ను అడుగుతున్న.”

“భయమైందేమో.”

“అవ్, భయమే” అని నా ముఖంలోకి అవసరమైన దానికన్నా ఎక్కువసేపు చూశారు. ఆ చూపు ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

నాకు పద్నాలుగేళ్ళప్పటి వేసవిలో, సిలువ ధ్యానాల రోజుల్లో, మా సంఘం ఆనవాయితీ ప్రకారం దవాఖానాకు వెళ్ళి రోగుల కోసం ప్రార్థన చేస్తున్నాం. పదిమంది ఆడవాళ్ళు, నలుగురు పిల్లలం, ముందు సంఘపెద్ద యోబు గారు. వార్డు చివరి మంచం మీద ఒక ముసలమ్మ. కోయ మనిషి. జ్వరంతో పెదాలు పగిలి ఉన్నాయి. కొడుకు మందుల కోసం బయటికి వెళ్ళాడట. ఆమె కళ్ళు తెరవకుండా “ఏరు... ఏరు...” అంటోంది.

యోబు గారు చెయ్యెత్తి అందరినీ ఆపారు. “విన్నరా? ఈ తల్లికి ఏరు కనబడుతున్నది. యొర్దాను ఒడ్డుకు వచ్చి నిలబడ్డది, దాటితే పరలోకమే.” ఆయన గొంతు నిజంగానే వణికింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో యొర్దాను మీద కీర్తన ఎత్తుకున్నారు, అందరూ అందుకున్నారు. నేను కూడా పాడాను. ఆమె అడుగుతున్నది నీళ్ళని నాకు మొదటి మాటకే తెలుసు. మంచం పక్కన స్టూలు మీద చెంబు ఉంది, గ్లాసు ఉంది. చెయ్యి చాస్తే అందుతాయి. కానీ యోబు గారి కూతురు నా భుజం మీద చెయ్యి వేసుకుని పాడుతోంది. నీకెట్ల తెలుసని అడిగితే ఏం చెప్పాలి? రెండు చరణాలు పాడాను. ముసలమ్మ మాట మా పాటలో మునిగిపోయింది.

అవతలి వార్డు నుంచి వచ్చిన రూతమ్మ టీచరు వాకిట్లోనే ఆగి ఒక్క క్షణం చెవి పెట్టారు. తర్వాత మా మధ్య నుంచి తోసుకుంటూ వచ్చి, ముసలమ్మ తల ఎత్తి పట్టి గ్లాసు అందించారు. తాగిస్తూ కోయలో ఏదో అడిగారు. ముసలమ్మ జవాబిచ్చింది. కీర్తన మధ్యలో తెగిపోయింది.

“టీచరమ్మా, ఈళ్ళ బాస మీకెట్లొచ్చు?” అన్నారు యోబు గారు.

“మా అమ్మ బాస అయ్యగారూ. ఈమెకు ఏ యొర్దానూ కనబడతలేదు. మీరు వచ్చిన కాడి నుంచి నీళ్ళడుగుతున్నది.”

“మీ అమ్మా?” అంది యోబు గారి భార్య. “చూస్తే మీరు గట్ల లేరు గదా.”

“నేను సగం కోయ” అన్నారు టీచరు.

మర్నాడు పొద్దున్నే ఒంటరిగా ఆ వార్డుకు పరుగెత్తాను. మంచం ఖాళీగా ఉంది. “ముసలామె పోయింది” అంది ఆయా, దుప్పటి మడుస్తూ. ఊరికి పోయిందా, ప్రాణం పోయిందా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఈ రోజుకీ నాకు తెలియదు.

సంఘంలో ఎవరూ టీచరును పల్లెత్తు మాట అనలేదు. వందనాలు చెప్పారు, నవ్వారు. సంస్కారం ఆదివారం వచ్చింది. యోబు గారి భార్య వాకిట్లోనే ఎదురుపడి “ఈసారి రొట్టె మేం చేసినం టీచరమ్మా. మీకెందుకు ఊకె కష్టం” అంది. టీచరు చేతిలో ఇస్త్రీ చేసిన గుడ్డ కప్పిన పళ్ళెం ఉంది. ఆమె ఆ పళ్ళెం పట్టుకునే చివరి చాప మీద కూర్చున్నారు. ముందర యోబు గారు రొట్టె విరుస్తూ, మనమందరం ఒకే శరీరమని చదువుతున్నారు. అది దేవుని మందిరం. అదే వాక్యం. అవే నోళ్ళు.

ఆ సాయంత్రం టీచరు ఇంటికి వెళ్ళాను. ఆమె తెచ్చిన రొట్టెను ముక్కలు చేసి కోళ్ళకు వేస్తున్నారు.

“టీచర్, ముసలమ్మ నీళ్ళడిగింది నాకు తెలుసు.”

“ఎప్పటి నుంచి?”

“మొదటిసారి అన్నప్పుడే. మా అమ్మది చర్ల అవతల.”

ఆమె చేతులు ఆగాయి. దగ్గరికి తీసుకుంటారనుకున్నాను. తీసుకోలేదు.

“నీ ముఖం చూసి ఎప్పుడో అనుకున్న. గని నన్ను క్షమాపణ అడగకు. ఎండింది నా నోరు కాదు.” చేతిలో మిగిలిన ముక్క కోళ్ళకు వేసి మళ్ళీ అన్నారు. “నేను మాత్రం నిలబడ్డనా? సగం అన్న. ఆ రెండో సగం అడ్డం పెట్టుకున్న. దేవుడు సగం మనిషిని ఎక్కడ చేసిండే? నాక్కూడా భయమే, ఎస్తేరూ.”

నేను దేవదూత అనుకున్న మనిషి అలా అంటుంటే నాకు ఏడుపు కూడా రాలేదు.

పై ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. మా దగ్గర సాక్ష్యంలో ప్రతి మాటకూ సంఘమంతా “స్తోత్రం” అంటుంది. నేను పాపినన్నాను. స్తోత్రం అన్నారు. అబద్ధాలు ఆడేదాన్నన్నాను. స్తోత్రం. “మా అమ్మ కోయ. నేను కోయ. ఆ రోజు ముసలమ్మ నీళ్ళడుగుతున్నదని తెలిసీ నోరు మూసుకుని మీతో పాడిన. మీరు నవ్వుతరని” అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఫ్యాను చప్పుడు వినబడింది. మగవాళ్ళ వైపు నాన్న తల వంచుకున్నాడు. అప్పుడు ఆడవాళ్ళ చాపల మధ్య నుంచి ఒకే ఒక్క గొంతు, ఆ మందిరంలో అంతవరకు ఎవరూ వినని గొంతు, “స్తోత్రం” అంది. అమ్మ. వెంటనే యోబు గారు కీర్తన ఎత్తుకున్నారు.

రొట్టె చేసే పని మళ్ళీ రూతమ్మ టీచరుకు ఇవ్వలేదు. మరుసటి ఏడు ఆమె చర్ల వైపు బదిలీ అడిగి వెళ్ళిపోయారు. నేను అదే సంఘంలో ఉన్నాను, అదే ప్రభువును నమ్ముతున్నాను. ఇప్పుడు నన్ను ఊరూరా సాక్ష్యం చెప్పమని పిలుస్తారు. చెబుతున్నంతసేపు స్తోత్రాలు వినబడుతూనే ఉంటాయి. అవి వినబడుతుంటే నేనింకా అసలు మాట దగ్గరికి రాలేదని నాకు తెలుస్తుంది. అవి ఆగిపోయే చోటిదాకా చెప్పి, ఆ నిశ్శబ్దంలో కాసేపు నిలబడి, అప్పుడే కూర్చుంటాను.