లేని మనిషికి రాసిచ్చిన పాట

మొన్న శనివారం మధ్యాహ్నం ప్లేనోలో మా స్నేహితుడింటి పెరట్లో చేరి, మగవాళ్ళమంతా గ్రిల్లు చుట్టూ నిలబడి, ఒకే చికెన్ ముక్కని నలుగురం నాలుగు వైపుల నుంచీ పర్యవేక్షిస్తూ ఉండగా, స్పీకరులో ఒక పాత కంట్రీ పాట మొదలైంది. పాతదంటే పాటే పాతది. పాడినవాడు కొత్తవాడు, అతని గడ్డం గొంతులోనే వినిపిస్తోంది. మా స్నేహితుడి కూతురు, కాలేజీలో సంగీతం మీదేదో కోర్సు చేస్తున్న పిల్ల, ఫోను చూసి, "అంకుల్, ఈ సాంగ్ ఎవరు రాశారో తెలుసా? ఒక బ్లైండ్ రైల్‌రోడ్ వర్కర్ అంట. జైల్‌లో వాల్ మీద బొగ్గుతో రాశాడంట. సో సాడ్ కదా," అంది.

నేను ఉన్నమాట చెప్పాను. ఆ గుడ్డివాణ్ణి పుట్టించింది నేనేనమ్మా, వాడి జైలూ నాదే, బొగ్గూ నాదే అన్నాను.

"మొదలెట్టాడండీ మనవాడు," అన్నాడు మా స్నేహితుడు పటకారు ఊపుతూ. "పోయినసారి టోర్నడోలో లేచిపోయిన కారు మళ్ళీ అదే పార్కింగ్ గీతల మధ్య దిగిందన్నాడు, గుర్తుందా?"

అందరూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం మర్యాదగా, "సోర్స్ ఉందా అంకుల్?" అని అడిగింది. సోర్సుని ఎదురుగా పెట్టుకుని సోర్స్ అడిగే కాలం వచ్చాక ఇక చెప్పేదేముంది. పోయి చికెన్ తిన్నాను. కానీ నా ఈడువాళ్ళకి, రెండు సూట్‌కేసులతో దిగి, పనిచెయ్యని టేపురికార్డరుని కూడా పారెయ్యలేక అట్టేపెట్టుకున్నవాళ్ళకి, ఈ సంగతి చెప్పుకోవచ్చనిపించింది.

ఇరవై పైచిలుకు ఏళ్ళ కిందట, ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు, నేను నోవైలో ఉండేవాణ్ణి. కార్ల కంపెనీలో కంప్యూటరు ఉద్యోగం. మా మేనత్త కొడుకు, అంటే బావ, నేనూ కలిసి ఒక పెద్దాయన ఇంటి బేస్‌మెంటులో అద్దెకి దిగాం. ఆ ఏడు పడిన మంచుకి మా కారు మూడు రోజులు కనపడలేదు. నాలుగో రోజున పక్కింటాయన తనదనుకుని తవ్వి తీసి, తుడిచి, తాళం పట్టకపోయేసరికి మాకు అప్పగించి వెళ్ళాడు. ఇంటి పెద్దాయన భార్య పోయినవాడు, ముప్పైయేళ్ళు కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించి రిటైరయ్యాడు. ఊరు కెంటకీ కొండల్లో. ఆయనా మాలాగే పనికోసం ఊరొదిలి వచ్చినవాడే కనుక మా పోపు వాసనకి ఎన్నడూ ముక్కు మూసుకోలేదు. పైగా మెట్ల మీద నిలబడి అదేమిటని అడిగి తిని వెళ్ళేవాడు.

ఒక ఆదివారం పొద్దున్న నేను అద్దె చెక్కు ఇవ్వడానికి పైకి వెళ్ళినప్పుడు రేడియోలో ఈ పాటే వస్తోంది. పాట అవగానే అందులో మాట్లాడే అతను దాన్ని రాసిన మహానుభావుడి పేరు చెప్పాడు. పెద్దాయన లేచి రేడియో కట్టేశాడు. అది రాసింది మా అమ్మ అన్నాడు. ఆరుగురు పిల్లల మురికి బట్టలు తొట్టిలో వేసి రుద్దుతూ కట్టిందట. ఆమె తమ్ముడు, అంటే ఈయన మేనమామ, బాంజో పట్టుకుని పట్నం వెళ్ళి, హోటలు గదిలో మిషను పెట్టుకు కూర్చున్న రికార్డుల కంపెనీవాడికి పాడి వచ్చాడట. గ్రామఫోను ప్లేటు బయటికి వచ్చేసరికి పాట పేరు కింద కంపెనీవాడి పేరే ఉంది. ఆ చుట్టుపక్కల నాలుగు జిల్లాల్లో పుట్టిన పాటలన్నీ ఆ ఒక్కడే రాశాడు, లేబుళ్ళని నమ్మితే. ఈల వెయ్యడం కూడా వచ్చేది కాదట మహాకవికి.

పెద్దాయనకి డెబ్బై దాటాయి. పిల్లల్లేరు. ఆయన అడిగింది ఒక్కటే: తను పోయేలోగా ఎక్కడో ఒకచోట, అచ్చులో, ఆ పాట పక్కన అమ్మ పేరు చూడాలి. దానికి రుజువు కూడా ఉందన్నాడు. మేనమామ మొదటిసారి పాడినప్పుడు, బాంజో మొదలెట్టే ముందు, ఇది మా అక్క కట్టిన పాట అని ఆమె పేరు చెప్పాడట. కంపెనీవాడు విసుక్కుని, మాటలొద్దు పాట పాడమని మళ్ళీ పాడించాడట. అమ్మకానికి వచ్చింది ఆ రెండోది.

ఆ కాలపు లక్క ప్లేట్లలో, గీతలు అయిపోయాక లేబులుకి ముందు నున్నటి జాగాలో సన్నగా ఒక నంబరు గీకి ఉంటుంది. మొదటిసారి పాడినదైతే దాని చివర ఒకటి, రెండోసారిదైతే రెండు. దొరికిన ప్లేట్లన్నింటి మీదా రెండే. మొదటిదాన్ని సరిచూసుకోవడానికి నాలుగైదు తీసి ఉంటారు. వాటిలో ఒక్కటైనా మిగిలి ఉంటే పెద్దాయన గెలిచినట్టే. నేను రోజంతా ఆఫీసులో చేసేది ఏ వెర్షన్ ఎక్కడుందో వెతకడమే కనుక, ఇదెంత పనండీ, రెండు వారాల్లో పట్టేస్తానని మాటిచ్చాను.

రెండు వారాలు కాదు, ఏడాదిన్నర. శనివారాలు పాత ఇళ్ళలో సామాన్లు అమ్మేచోటికల్లా వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, టార్చిలైటు పట్టుకుని నంబర్లు చదివాను. మా బావకి నా వాలకం నచ్చలేదు.

"ఏం బావా, హెచ్-వన్ మీద ఇంత దూరం వచ్చింది చచ్చిపోయినోళ్ళ పాటలకి ఓనర్లని వెతకడానికా? అత్తకి ఫోన్ చేసి ఏం చెప్పమంటావు, నీ కొడుకు చెత్త ఏరుకుంటున్నాడనా?"

"రీసెర్చ్ చేస్తున్నాడని చెప్పు బావా, పెళ్ళిసంబంధాలకి పనికొస్తుంది."

ఇలా కాదని, చివరికి పాత రికార్డులు సేకరించేవాళ్ళ సంఘంలో చేరాను. నెలకొక శనివారం మధ్యాహ్నం లైబ్రరీలో ఒక గదిలో కూడేవారు. అంత పనికిమాలిన పండితులని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు, మన తెలుగు సంఘాల ఎన్నికల్లో కూడా. వాళ్ళు పాట వినరు. ఆడిస్తే అరుగుతుందట. ప్లేటుని చేతి తొడుగులు వేసుకుని బయటికి తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, గీతల మెరుపు చూసి, నిట్టూర్చి, మళ్ళీ అట్టలో పెట్టేవారు. పెళ్ళాం ముఖం కూడా అంత శ్రద్ధగా చూసి ఉండరు. బ్లూస్ అంటే, ఆ కష్టాల పాటలంటే, వాళ్ళకి ప్రాణం, కానీ ఒక షరతు మీద: కట్టినవాడు గుడ్డివాడో, ఖైదీయో, తాగి రైలు కింద పడ్డవాడో అయి ఉండాలి. కష్టాలు తగినన్ని లేనివాడు వాళ్ళ లెక్కలో కవే కాడు. నేను లేచి, మా ఇంటి పెద్దాయన తల్లి, బట్టలు ఉతుకుతూ కట్టింది అనగానే ఒకాయన గడియారం చూసుకున్నాడు, ఒకాయన బిస్కెట్ల వైపు నడిచాడు. ఆరుగురు పిల్లల బట్టలు చలికాలంలో చన్నీళ్ళలో ఉతకడం వాళ్ళకి కష్టంగా తోచలేదు.

మూడు నెలలు ఇలా అవమానం పడ్డాక నాకు ఒళ్ళు మండి, నాలుగో నెల వాళ్ళకి కావలసింది వడ్డించాను. రైళ్ళలో బ్రేకులు వేసే పనిలో ఉండి కళ్ళు పోగొట్టుకున్న ఒకడు, చెయ్యని హత్యకి జైలుకి పోయి, చీకటి కొట్లో గోడ మీద బొగ్గుతో ఈ పాట రాశాడనీ, కంపెనీవాడు జైలరుకి సీసా ఇచ్చి ఎత్తుకొచ్చాడనీ, ఈ సంగతి ఒక ముసలి రైల్వే మనిషి నాతో చెప్పి మూడో రోజున కన్నుమూశాడనీ చెప్పాను. బ్రేకులవాడికి పేరు కూడా అప్పటికప్పుడే పెట్టాను, మా మంచు తవ్వే మిషను మీద ఉన్న పేరే. బిస్కెట్ల దగ్గరాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. గుడ్డివాడు చీకట్లో గోడమీద ఎలా రాశాడని, రాసినా కొట్లో నల్లగోడ మీద బొగ్గు అక్షరాలు ఎవరికి కనపడ్డాయని, ఆ రోజు కానీ ఈ ఇరవై పైచిలుకు ఏళ్ళలో కానీ ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

అందరిలోకీ పెద్ద తల ఒక రిటైరైన పళ్ళ డాక్టరు. సంఘం పత్రిక ఆయనే నడిపేవాడు. నా చెయ్యి పట్టుకుని ఊపి, ఇన్నాళ్ళకి ఒక నిజమైన పరిశోధకుడు దొరికాడని, మర్నాడే తన ఇంటికి రమ్మన్నాడు. వెళ్ళాను. నేలమాళిగ నిండా బీరువాలు. గ్రామఫోను మీద తెల్లగుడ్డ కప్పి ఉంది, పూజగదిలోలాగా. ఒక్కొక్కటే చూపిస్తూ మా పాట ప్లేటు బయటికి తీశాడు. లేబులు లేదు, ఉత్త తెల్లకాగితం. నేను వంగి నంబరు చదివాను. చివర ఒకటి.

పద్దెనిమిదేళ్ళుగా తన దగ్గరే ఉందట. ఒక్కసారి కూడా ఆడించలేదట.

ఆడించమని బతిమాలాను. ముల్లు గీతలో పడితే విలువ పోతుందన్నాడు. చివరికి, పాటకి ముందు ఎవరో మాట్లాడారట, అది మన బ్రేకులవాడి గొంతేమో అన్నాను. ఒక అబద్ధం ఎలాగూ నడుస్తోంది కదా, దానికి తోడు ఇంకొకటి. ఆయన ఒక్కసారికి ఒప్పుకున్నాడు.

ఆ రోజున నాతో మా ఇంటి పెద్దాయన పెళ్ళికి వెళ్ళేవాడిలా టై కట్టుకుని వచ్చాడు. పళ్ళ డాక్టరు గుడ్డ తీసి, కొత్త ముల్లు బిగించి, ప్లేటు పెట్టాడు. నూనె కాగుతున్నట్టు చిటపటలు. ఆ తర్వాత దూరంగా ఒక మనిషి గొంతు. ఆ మేనమామే, ఇది మా అక్క కట్టిన పాట అని, ఆమె పేరూ ఇంటిపేరూ ఊరి కొండవాగు పేరూ చెప్పి, బాంజో అందుకున్నాడు. పెద్దాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పాట అయ్యేదాకా ఆ టోపీ అంచునే తడుముతూ కూర్చున్నాడు.

పళ్ళ డాక్టరు ముఖం మాత్రం వాడిపోయింది. బ్రేకులవాడు రాలేదేమని అడిగాడు. ఇక దాచలేక, వాడు లేడు, నేనే కల్పించానని చెప్పేశాను. ఆయన కోప్పడలేదు, నమ్మలేదు కూడా. బ్రేకులవాడి మీద తను రాసిన వ్యాసం అప్పటికే అచ్చుకి వెళ్ళిపోయిందన్నాడు. కాసేపు ఆలోచించి, ఆ అక్క బహుశా బ్రేకులవాడి దగ్గర నేర్చుకుని ఉంటుందని తేల్చాడు. తర్వాతి సంచికలో చివరి పేజీలో ఒక సవరణ వేశారు: ఈ పాటను కెంటకీలో ఒక గృహిణి కూడా పాడేదని తెలుస్తోంది. ఆమె పేరు వెయ్యలేదు. నేను రాసిన ఉత్తరాలకి, మా పత్రికలోనే అచ్చయిన ఆధారాన్ని మేమే ఎలా కాదంటామని జవాబు వచ్చింది. అక్కణ్ణుంచి అది పాత పాటల సీడీతో ఇచ్చే పుస్తకంలోకి, సీడీ నుంచి ఇంటర్నెట్టులోకి పాకింది. దొంగ మహాకవి పేరు కొట్టేశారు, అంతవరకు మేలే. ఆ జాగాలో మంచు తవ్వే మిషను కూర్చుంది.

పెద్దాయన ఆ సవరణ చదివి, కాగితం మడిచి, కళ్ళజోడు పక్కన పెట్టాడు. మునుపు మా అమ్మ పాట దొంగిలించినవాడు కనీసం పుట్టి పెరిగిన మనిషి, నువ్వు తీసుకెళ్ళి లేనివాడికి ఇచ్చావు, అన్నాడు. అంతే. మర్నాడు మళ్ళీ మెట్ల మీదికి వచ్చి పప్పు అడిగాడు. ఆ పప్పు పెట్టడం నాకు చేతకాలేదు, బావే పెట్టాడు.

రెండేళ్ళకి ఆయన పోయాడు. పళ్ళ డాక్టరు ప్లేట్లు ఎవరో కొనుక్కుని కంప్యూటరుకి ఎక్కించారు. నేను వెతికి విన్నాను. అదే ఒకటో నంబరు, చిటపటలన్నీ కడిగేసి తళతళలాడుతోంది. మొదట్లో ఉన్న మాటలు కూడా చెత్త కిందే జమకట్టి కత్తిరించేశారు, బాంజోతోనే మొదలవుతుంది. ఒకప్పుడు కంపెనీవాడు మాటలొద్దన్నాడు, ఇప్పుడు ఈ మహానుభావులూ అదే అన్నారు. మధ్యలో ఇన్నేళ్ళు గడిచి జరిగిన అభివృద్ధి ఇది. మొన్న ఆ పిల్ల ఫోనులో చదివిన పేజీ దిద్దమని నేను పంపిన విన్నపం ఆరుసార్లు తిరిగొచ్చింది.

ఇంతమందిని తిట్టానుగాని, అసలు తిట్టవలసినవాడు ఇంకొకడున్నాడు. ప్లేటు విన్న రోజు కారులో తిరిగి వస్తూ పెద్దాయన, మామయ్య ఒక చరణం వదిలేశాడు, మూడు నిమిషాల ప్లేటులో పట్టదని కంపెనీవాడు తీసేయించి ఉంటాడు, అదే అమ్మకి అన్నిటికన్నా ఇష్టం అని, అద్దంలోంచి బయటికి చూస్తూ మెల్లగా పాడాడు. ఏ ప్లేటు మీదా లేని చరణం, లోకంలో ఇంకెవరికీ రాని చరణం. నేనేమో స్టీరింగు పట్టుకుని, సంఘానికి రాయబోయే ఉత్తరంలో నంబర్లు ఏ వరసలో పెట్టాలా అని ఆలోచిస్తున్నాను. ఏదో దీపం మాట వచ్చిందని గుర్తు, ఒకచోట రాగం మెట్టు దిగినట్టు దిగిందని గుర్తు. మళ్ళీ పాడమని తర్వాత అడగవచ్చనుకున్నాను, సవరణ వచ్చాక అడిగే ముఖం లేకపోయింది. ఇప్పుడు అందరి జేబుల్లోనూ దగ్గినా తుమ్మినా పట్టి దాచే యంత్రాలున్నాయి, పట్టవలసినవాళ్ళే వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఆ కారులో ఉన్న మిషన్లు నా రెండు చెవులే, అవి వేరే పనిలో ఉన్నాయి.